కత్తి కన్నా చీటీ ముఖ్యం

యూనియన్ కార్యదర్శి వచ్చి "సావనీరుకి ఒక వ్యాసం ఇవ్వాలి సార్, పూర్వ విద్యార్థుల తరఫున" అన్నాడు. దేని మీద అని అడిగితే "యువత – దేశ భవిష్యత్తు అని రాయండి, లేకపోతే మీ ఇష్టం" అన్నాడు. యువత భవిష్యత్తు గురించి రాసేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ నలుగురైదుగురు ఉంటారు. కనుక ఆ మిగిలిన "మీ ఇష్టం" నేను తీసుకుంటున్నాను. నేను రాయబోయేది ఒక బాకు గురించి. మన దేశపుది కాదు. జర్మన్ నౌకాదళపు ఆఫీసరు ఒకప్పుడు నడుముకు వేలాడదీసుకున్న అలంకారపు బాకు. ఇదేం విషయమండీ అని పేజీ తిప్పేయకండి. చివరికి మన చరిత్ర శాఖ బీరువా దగ్గరికే వచ్చి ఆగుతాను.

సంగతేమిటంటే, పోయిన సంక్రాంతికి మా హాస్టలు బ్యాచి వాళ్ళం కొందరం ఒకచోట కలిశాం. అందులో మా రూమ్మేటు ఒకడు చాలాకాలంగా జర్మనీలో ఉంటున్నాడు. చదువుకునే రోజుల్లో వాడు అగ్గిపెట్టెల మీది బొమ్మలు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకునేవాడు. తర్వాత తపాలాబిళ్ళలు, ఆపైన నాణేలు. ఇప్పుడు బాకులట! వస్తువును ఇక్కడికి తేలేదు గాని, ఫోనులో ఫోటోలు చూపించాడు. తెల్లటి పిడి, దానికి చుట్టిన ఇత్తడి తీగ, నగిషీ చెక్కిన ఇత్తడి ఒర, ఉక్కు అలుగు మీద తాడు చుట్టిన లంగరు, తెరచాపల ఓడ. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది.

"ఏడొందల యూరోలురా. చవగ్గా కొట్టేశాను" అన్నాడు.

పక్కనున్నవాడు ఫోటోలో పిడి చివరనున్న గుర్తు చూసి "ఇది హిట్లర్ కాలందిరా! ఇంట్లో ఎలా పెట్టుకుంటావు?" అన్నాడు.

"హిట్లర్‌ది కాదురా బాబూ, నేవీది. నేవీ వాళ్ళు పెద్దమనుషులు. అయినా ఇది హిస్టరీ. హిస్టరీని దాచుకోవడం కూడా తప్పేనా?"

అందరూ నవ్వేసి వేరే కబుర్లలో పడ్డారు. నాకు మాత్రం ఆ ప్రశ్న గొంతులో ముల్లులా ఉండిపోయింది. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి. పాత వస్తువును దాచుకోవడం తప్పని నేనెలా అంటాను? అట్లాగని ఆ గుర్తున్న వస్తువును గోడకు తగిలించుకోవడం ఒప్పని ఎలా అంటాను? ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్నదీ, దాని మీద నాకు తోచినదీ ఇక్కడ చెబుతాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పాఠక మిత్రుల ఇష్టం.

ముందుగా ఈ బాకు సంగతి. ఇది యుద్ధంలో పొడవడానికి చేసింది కాదు. యూనిఫారం మీద హోదా కోసం పెట్టుకునేది. అలుగు పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. పిడికి వెండిజరీ కుచ్చు కడతారు. సంపన్నుడైన ఆఫీసరు దంతపు పిడి చేయించుకునేవాడు. మామూలు వాటికి చెక్క మీద తెల్లటి సెల్యులాయిడ్ తొడిగేవారు. పాత సినిమా రీళ్ళు తయారైన పదార్థమే అది. ఇక పిడి చివర ఉండే తలకట్టు. ఈ కథంతా దాని చుట్టూ తిరుగుతుంది.

జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్‌కి నౌకాదళమంటే ప్రాణం. 1901లో వచ్చిన నమూనా బాకుకు తలకట్టు ఆయన సామ్రాజ్య కిరీటం. పదిహేడేళ్ళు గడిచాయి. 1918 నవంబరు మొదటివారంలో కీల్ రేవులో నావికులు తిరగబడ్డారు. ఓడిపోయిన యుద్ధంలో ఆఖరి గౌరవం కోసం తమను చావుకు పంపుతారా అని వాళ్ళ కోపం. ఆఫీసర్ల ఆయుధాలు లాక్కున్నారు, హోదా గుర్తులు పీకేశారు. నవంబరు 9న చక్రవర్తి పదవి పోయింది. కిరీటం పోయాక కిరీటమున్న బాకుకు పని ఏముంది? తర్వాత వచ్చిన రిపబ్లిక్కు కాలంలో కొన్నాళ్ళు నల్లటి పిడి, నల్లటి ఒర. తలకట్టు స్థానంలో మంటలు ఎగసే గోళం. ఆ తర్వాత తెల్లపిడి మళ్ళీ వచ్చింది. 1938లో గోళం పోయి, కాళ్ళ మధ్య స్వస్తిక్‌ను పట్టుకున్న గద్ద వచ్చి కూర్చుంది. మన గడపల మీద ముగ్గుగా వేసే స్వస్తిక్ వేరు, దాని మంగళం వేరు. ఇది నాజీల పార్టీ గుర్తు. రెంటినీ కలపనక్కరలేదు. అట్లాగే ఆ గుర్తును చూసి ఐరోపాలో యూదు కుటుంబాలు ఎందుకు వణికిపోయాయో మనం అర్థం చేసుకోకుండానూ ఉండనక్కరలేదు.

ఇక్కడ చిన్న సాంకేతిక విషయం చెప్పాలి. ఈ తలకట్టు మరతో బిగించేది. తిప్పితే ఊడి వస్తుంది. 1938లో చాలామంది ఆఫీసర్లు కొత్త బాకు కొనుక్కోలేదు. పాత బాకుకే గోళం విప్పి గద్దను బిగించుకున్నారు. అలుగు అదే, పిడి అదే, నడుమూ అదే. రాజ్యం మారిందని చెప్పడానికి ఒక నిమిషం పని! మా అధ్యాపకులు ఒకాయన క్లాసులో "ప్రభుత్వాలు కూలడం తేదీల్లో చదువుతారు, మనుషులు సర్దుకుపోవడం ఎక్కడ చదువుతారు?" అనేవారు. మాస్టారూ, ఇదుగోనండి, మరచుట్టులో చదువుకోవచ్చు.

ఇప్పుడు మా మిత్రుడి మొదటి వాదన. నేవీ వాళ్ళు పెద్దమనుషులు. ఇది ఉత్త మాటేం కాదు. దీనికి ఆధారం మన ఒడ్డునే ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ క్రూయిజరు మద్రాసు మీద గుళ్ళు కురిపించింది. అప్పటికి మన సర్కారు జిల్లాలకూ రాయలసీమకూ రాజధాని మద్రాసే. రేవులోని చమురు ట్యాంకులు తగలబడ్డాయి. కొందరు చనిపోయారు. వేలమంది మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. హైకోర్టు గోడకు ఆ సంఘటన గుర్తుగా పెట్టిన ఫలకం ఉంది. ఆ ఓడ పేరు తమిళంలో గడుసువాడు అనే అర్థంలో మాటగా కూడా స్థిరపడింది. దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ తాను పట్టుకున్న ఓడల్లోని సిబ్బందిని మర్యాదగా చూసేవాడని శత్రువులే ఒప్పుకున్నారు. అదే ఏడాది నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ చేతిలో ఎమ్డెన్ నాశనమైంది. నూట ముప్పై మందికి పైగా దాని నావికులు పోయారు. మిగిలిన ఆఫీసర్లను కరవాలాలు తమ దగ్గరే ఉంచుకోనివ్వమని బ్రిటిష్ నౌకాదళ శాఖ అనుమతి ఇచ్చింది. అలంకారపు కత్తికి శత్రువే గౌరవం ఇచ్చిన సందర్భం అది.

కాబట్టి కిరీటపు బాకు ఎవరైనా దాచుకుంటే అందులో ముల్లర్ ఛాయ ఒకటి కనిపిస్తుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే మా వాడి బాకు మీద ఉన్నది కిరీటం కాదు, గద్ద. ముల్లర్ సంపాదించిన పెద్దమనిషి పేరును ఇరవైనాలుగేళ్ళ తర్వాతి గద్దకు అప్పు ఇవ్వడం ఏం న్యాయం? ఆ నౌకాదళాధిపతి రేడర్‌కు 1946లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం జీవిత ఖైదు వేసింది. ఆయన తర్వాత వచ్చిన డోనిట్స్‌ను హిట్లర్ తన వారసుడిగా రాసి చచ్చాడు. ఆయనకు పదేళ్ళు పడింది. ఇవి పెద్దవాళ్ళ సంగతులు. చిన్నవాళ్ళది ఒకటి చెబుతాను. 1945 మే మొదట్లోనే ఉత్తర జర్మనీలో సైన్యాలు లొంగిపోయాయి. మే 8తో ఐరోపాలో యుద్ధం ముగిసింది. మే 10న గెల్టింగ్ అఖాతంలో ఒక ఓడ మీద ముగ్గురు కుర్ర నావికులను, దళం విడిచి ఇంటికి బయల్దేరారన్న నేరం మీద, సొంత నౌకాదళమే కాల్చి చంపింది. యుద్ధం ముగిసిన రెండు రోజులకు! ఆ తీర్పు చెప్పినవాళ్ళూ పెద్దమనుషుల యూనిఫారంలో ఉన్నవాళ్ళే మరి.

సరే, ఇదంతా నేవీ గురించి. నన్ను నిజంగా ఆపేసింది వేరే. మా వాడు చూపించిన ఫోటోల్లో ఒకటి అలుగు మొదట్లోని కంపెనీ ముద్ర. ఈ బాకులు దాదాపు అన్నీ సోలింగెన్ అనే ఊళ్ళో తయారయ్యాయి. వూపర్ నది దగ్గరి ఆ ఊరు మధ్యయుగాల నుంచీ కత్తులకు పేరు. ఒక్కో కంపెనీకి ఒక్కో ముద్ర. ఐక్‌హార్న్ వాళ్ళది ఉడుత, డబ్ల్యు.కె.సి. వాళ్ళది శిరస్త్రాణం పెట్టుకున్న యోధుడి తల, హోలర్ వాళ్ళది థర్మామీటరు. మా వాడి బాకు మీద ఉన్నది తక్కెడ. పేరు 'అల్కోసో'.

"ఈ ముద్ర ఉంటే రేటు బాగుంటుందిరా" అన్నాడు వాడు. అల్కోసో అంటే ఏమిట్రా అని అడిగితే "కంపెనీ పేరు" అన్నాడు. అంతకు మించి వాడికి తెలియదు. నాకూ తెలియదు అప్పటికి.

అల్కోసో అంటే అలెగ్జాండర్ కోపెల్, సోలింగెన్. మూడు మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరు. కోపెల్ వాళ్ళు ఆ ఊరి యూదు కుటుంబం. 1821లో మొదలైన కార్ఖానా. ఊరికి ఎంతో మేలు చేసిన ఇల్లు. ఆ కుటుంబంలో గుస్టావ్ కోపెల్‌ను ఊరు గౌరవ పౌరుడిగా ఎన్నుకుంది. నాజీలు వచ్చాక యూదుల వ్యాపారాలన్నీ చేతులు మార్పించినట్టే దీన్నీ మార్పించారు. కోపెల్ వాళ్ళ చేతుల్లోంచి కార్ఖానా పోయింది. పేరు మాత్రం పోలేదు. ఎందుకంటే పేరుకు బజారులో విలువ ఉంది కదా! మనిషి పనికిరాడు, మనిషి పేరు పనికొస్తుంది. తాత పేరే పెట్టుకున్న మనవడు అలెగ్జాండర్ కోపెల్‌ను 1942లో తెరేజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆ ఏడే అక్కడ చనిపోయాడు. డెబ్భై ఆరేళ్ళ వృద్ధుడు.

ఇప్పుడు ఆ ఫోటో మళ్ళీ చూడండి. పిడి చివర గద్ద, కాళ్ళ మధ్య నాజీ గుర్తు. కింద అలుగు మీద, ఆ గుర్తు పేరు మీదే చంపబడ్డ మనిషి పేరు. రెంటి మధ్య దూరం జానెడు. కొన్నవాడికి గద్ద ధర తెలుసు. తక్కెడ ధర తెలుసు. ఆ జానెడు దూరంలో ఏం జరిగిందో తెలియదు.

నా అభిప్రాయం ఇక్కడే మొదలవుతుంది మిత్రులారా. సేకరణ తప్పు కాదు. వస్తువును కథ నుంచి విడదీసి సేకరించడం తప్పు.

ఈ బజారు ఎలా నడుస్తుందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 1945లో గెలిచిన సైనికులు ఈ బాకులను జ్ఞాపకాలుగా మూటల్లో పెట్టుకుని ఇళ్ళకు పట్టుకుపోయారు. సోలింగెన్ కార్ఖానాల్లో మిగిలిపోయిన విడిభాగాలను జోడించి అమ్మినవీ ఉన్నాయి. తర్వాత అచ్చంగా కొత్తవి చేసి పాతవని అమ్మడం మొదలైంది. తలకట్టు మరతో ఊడుతుందన్నాను కదా, ఒకదాని గద్ద ఇంకొకదానికి బిగించడం పెద్ద విద్యేం కాదు. అందుకని మంచి సేకర్త ఏం చేస్తాడు? మర సరిగ్గా కూర్చుందా, అలుగు మీద ఆమ్లంతో చెక్కిన గీత పదును ఎలా ఉంది, సెల్యులాయిడ్ పసుపు తిరగడం, ఇత్తడి నల్లబడడం రెండూ ఒకే వయసువిగా ఉన్నాయా, ఒరలో అలుగు రాసుకున్న జాడ ఎక్కడుంది అని భూతద్దం పెట్టి చూస్తాడు. ఇది మనం ఎం.ఏ.లో నేర్చుకునే మూల విమర్శే. శాసనం దొరికితే లిపి చూస్తాం, రాయి చూస్తాం, ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో అడుగుతాం. సేకర్త కూడా మొదటి రెండూ అద్భుతంగా చేస్తాడు. మూడోది అడగడు. అడిగితే ధర పెరగదు గనక!

పైగా ఈ బజారులో ఒక విడ్డూరం ఉంది. మచ్చ లేని, వాడని, మెరిసే బాకుకు ఎక్కువ ధర. ఎవరి నడుమున వేలాడిందో, ఏ సముద్రం చూసిందో చెప్పే గీతలకు తక్కువ. అంటే చరిత్ర అంటుకోని వస్తువును చరిత్ర పేరు చెప్పి కొంటున్నారన్నమాట.

"అయితే వీటిని కరిగించి పారేయమంటావా?" అని మీరు అడగవచ్చు. అలా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ కరిగిస్తే గద్దతో పాటు కోపెల్ పేరు కూడా కరిగిపోతుంది. జర్మనీ వాళ్ళు ఈ విషయంలో చేసిన చట్టం ఆలోచింపదగ్గది. వాళ్ళ శిక్షాస్మృతి 86ఎ సెక్షను నాజీ గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడం నేరమంటుంది. అదే చట్టం చదువుకీ, పరిశోధనకీ, కళకీ, చరిత్రను తెలియజెప్పడానికీ మినహాయింపు ఇస్తుంది. అంటే వస్తువు మీద కాదు నిషేధం, దాన్ని ఎందుకు ఎత్తి చూపిస్తున్నావన్న దాని మీద. సోలింగెన్‌లోనే కత్తుల మ్యూజియం ఒకటుంది. ఆ ఊళ్ళోనే అలెగ్జాండర్ కోపెల్ పేరు మీద ఒక పాఠశాల కూడా ఉంది. ఆ ఊరి పిల్లలు కత్తి మీది పేరును ఇప్పుడు బడి బోర్డు మీద చదువుకుంటున్నారు. అన్నట్టు, మన దేశంలో ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలు మించిన అలుగున్న బాకుల ప్రస్తావన ఉంది. మా వాడిది దాదాపు పది అంగుళాలు. వాడు ఫోటోలతో సరిపెట్టుకోవడానికి అసలు కారణం అదే!

సేకరణ అనగానే మనకు గుర్తొచ్చేది సాలార్‌జంగ్. మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, తనకు నచ్చిందల్లా కొన్నాడు. 1949లో ఆయన పోయాక 1951లో దాన్ని మ్యూజియంగా జనానికి తెరిచారు. ఆయుధాల గది కూడా అందులో ఉంది. ఆ గదుల్లో నడిచేటప్పుడు మన కళ్ళు ఏం చేస్తాయో ఎప్పుడైనా గమనించారా? ముందు వస్తువును చూస్తాయి, వెంటనే కిందనున్న చీటీ మీదికి దిగుతాయి. చీటీ చదివి మళ్ళీ పైకి వస్తాయి. రెండోసారి చూసినప్పుడు వస్తువు మారిపోయి ఉంటుంది. నవాబు గారి ముచ్చట ప్రజల చదువుగా మారింది ఆ చీటీ వల్లనే. చీటీ లేకపోతే అది బంగళాలో సామాను.

మా మిత్రుడికి ఇదంతా ఉత్తరంలా రాసి పంపాను. "నీ బాకు నువ్వే ఉంచుకో. కానీ గోడకు తగిలించకు. గోడకు తగిలిస్తే అది అలంకారమవుతుంది, దాన్ని చేసింది కూడా అందుకే. అద్దాల పెట్టెలో పెట్టు. పక్కన ఒక చీటీ పెట్టు. అందులో కోపెల్ పేరు ముందు రాయి, గద్ద సంగతి తర్వాత రాయి. నీ పిల్లలు ఆ పెట్టె ముందు నిలబడి ఇదేంటి నాన్నా అంటే పూర్తిగా చెప్పగలిగితేనే అది నీ సొంతం. చెప్పలేకపోతే ఏడొందల యూరోలు పోసి నువ్వు కొన్నది ఇత్తడి" అన్నాను. కాస్త ఘాటుగానే రాశానేమో. రూమ్మేటు గదా, ఆ చనువుంది.

ఇక మన బీరువా. చరిత్ర శాఖ వరండా చివర అద్దాల బీరువా ఒకటుంది, మీరంతా చూసే ఉంటారు. చూశారా, లేక దాని అద్దంలో తల దువ్వుకున్నారా? నేను చదివే రోజుల్లో రెండోదే చేశాను, దాపరికం లేదు. అందులో కుండపెంకులున్నాయి, నాణేలున్నాయి, తుప్పు పట్టిన చిన్న కత్తి ఒకటుంది. మొన్న సావనీరు పని మీద వచ్చినప్పుడు ఆగి చూశాను. చీటీల మీది సిరా ఎగిరిపోయింది. కొన్నిటికి చీటీలే లేవు. ఆ కత్తి ఎవరిది? ఏ ఊళ్ళో దొరికింది? తెచ్చి ఇచ్చిన విద్యార్థి ఎవరు? అటెండరును అడిగితే "ఎప్పట్నించో ఉందండీ" అన్నాడు. ఎప్పట్నించో ఉన్నదానికి ఎప్పట్నించో తెలియకపోవడమే గదా మన జబ్బు! ఎక్కడో ఐరోపాలో నా స్నేహితుడు చీటీ పెట్టలేదని నేను వ్యాసం రాస్తున్నాను. ఇక్కడ మా ఇంటి కత్తికే చీటీ లేదు.

కనుక విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒకటే. వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో ఒక్క మైకు అద్దె పాటి డబ్బు, రెండు ఆదివారాల శ్రమ ఈ బీరువాకు ఇవ్వండి. శాఖలోని పాత రిజిస్టర్లు తీయండి. రిటైరైన అధ్యాపకుల ఇళ్ళకు వెళ్ళి అడగండి; వాళ్ళున్నప్పుడే అడగండి. తెలిసినంత చీటీ మీద రాయండి. తెలియని చోట ఖాళీ వదలండి, తర్వాతి బ్యాచి నింపుతుంది. యువత, దేశ భవిష్యత్తు అని కార్యదర్శి అడిగిన వ్యాసం కూడా ఒకవిధంగా ఇదేనేమో.

మా వాడి దగ్గర్నుంచి నెల దాకా జవాబు రాలేదు. కోపమొచ్చిందనుకున్నాను. తర్వాత ఒకరోజు రాత్రి ఫోనులో నాలుగు ముక్కలొచ్చాయి: "చీటీ రాయడం మొదలుపెట్టాన్రా. రెండు పేజీలయింది. ఇంకా కోపెల్ దగ్గరే ఉన్నాను."

— ఒక పూర్వ విద్యార్థి, చరిత్ర శాఖ